పేరులో మురికేముంది?

రాండల్ మన్రో 2007లో గీసిన ఎక్స్‌కేసీడీ 327వ కార్టూన్‌ని ప్రోగ్రామర్లు చాలామంది చూసే ఉంటారు. స్కూలువాళ్ళు ఒకావిడకి ఫోన్ చేస్తారు. వాళ్ళ కంప్యూటర్లో ఆ ఏడాది విద్యార్థుల రికార్డులన్నీ పోయాయి. కారణం ఆవిడ కొడుకు పేరు. అందులో "రాబర్ట్" తర్వాత ఒక కొటేషన్ మార్కు, ఒక బ్రాకెట్టు, ఆపైన పట్టిక మొత్తాన్ని చెరిపెయ్యమనే ఆజ్ఞ ఉన్నాయి. డేటాబేసులోకి వచ్చేవాటిని ఇకనైనా శుభ్రం చేసుకోండి అన్న అర్థంలో ఆ తల్లి ఓ చురక వేస్తుంది.

నాలుగు గళ్ళలో ఇంత చెప్పడం గొప్పే. నేనూ ఎన్నోసార్లు నవ్వుకున్నాను. ఆ ముగింపుతోనే నాకు పేచీ.

అసలు జరిగిందేమిటి? తెలుగులో "అని" చేసే పనిని ప్రోగ్రాములో కొటేషన్ మార్కు చేస్తుంది: ఒకరి మాట ఇక్కడితో అయిపోయిందని చెబుతుంది. "రానని చెప్పాడని విన్నాను" అంటే ఏ "అని" ఎవరిదో మనం పోల్చుకుంటాం. యంత్రం పోల్చుకోలేదు. కొటేషన్ కనబడగానే పేరు అయిపోయిందనుకుని, మిగతాదాన్ని ఆజ్ఞగా అమలు చేసేస్తుంది. అందుకే ఎస్కేప్ చెయ్యడం. ఎస్‌క్యూఎల్‌లో ఆ మార్కుని రెండుసార్లు రాస్తాం. సీ లాంటి భాషల్లో ముందు బ్యాక్‌స్లాష్ పెడతాం. ఇది మాటలో భాగమే, ముగింపు కాదు అని చెప్పడమే తప్ప, ఇందులో కడగడం ఏమీ లేదు.

కడగడం అనుకుంటేనే చిక్కు. పీహెచ్‌పీ ఒకప్పుడు "మ్యాజిక్ కోట్స్" పేరుతో, బయటినుంచి వచ్చే ప్రతి కొటేషన్ ముందూ తనంతట తనే బ్యాక్‌స్లాష్ తగిలించేది. మధ్యలో అపాస్ట్రఫీ ఉండే ఓబ్రయన్ లాంటి ఐరిష్ పేర్లలో ఆ గీత అలాగే మిగిలిపోయి తెరమీద కనబడేది. 2012లో వచ్చిన 5.4 వెర్షన్‌లో దాన్ని తీసేశారు.

నేను చేసింది ఇంకా అన్యాయం. "అనవసరపు" అక్షరాలు ఏరేసే ఫంక్షన్ ఒకటి రాశాను. కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ కూడా అందులో పోయింది. రాజ్‌కుమార్ కాస్తా రాజ్కుమార్ అయ్యాడు. "నా పేరు ఇలా ఎవరు రాశారండీ?" అని ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఆజ్ఞని విడిగా, విలువని విడిగా పంపే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు 2007 నాటికే ఉన్నాయి. అలా పంపితే పేరులో ఏమున్నా అది పేరే. తల్లి ఈ మాట అని ఉంటే జోకు ఇంతలా పేలేది కాదేమో. కానీ ఆ జోకుని పాఠంగా తీసుకుని నాలాంటివాళ్ళం ఎన్ని పేర్లు కడిగి పాడుచేశామో!