కంటికి కనిపించి చెవికి అందని శీర్షిక: అంతర్జాల తెలుగు పరిశోధన వ్యాసాల నిర్మాణంపై ఒక విమర్శ

అంతర్జాలంలో వెలువడే తెలుగు పరిశోధన వ్యాసాన్ని తెరపై చూసే పాఠకుడికి అందులోని విభాగాలు తేటతెల్లంగా కనిపిస్తాయి. ‘ఉపోద్ఘాతం’, ‘పూర్వపరిశోధనలు’, ‘పాత్రచిత్రణ’, ‘ముగింపు’ వంటి మాటలు విడి వరుసలో, ముదురు అక్షరాలలో ఉంటాయి. అదే వ్యాసాన్ని స్క్రీన్ రీడర్ ద్వారా వినే అంధ పరిశోధకుడికి మాత్రం ఆ మాటలు పక్క వాక్యాలలో కలిసిపోయి వినిపించడం తరచుగా జరుగుతుంది. ముదురు అక్షరం కంటికిచ్చే గుర్తు. అది శీర్షిక అన్న సమాచారం పుట లోపలి సంకేతంలో నమోదు కాకపోతే యంత్రానికి ఆ సంగతి తెలియదు.

ఆ నమోదు కోసమే హెచ్.టి.ఎం.ఎల్.లో హెచ్1 నుంచి హెచ్6 వరకు ఆరు అంచెల శీర్షిక ట్యాగులు ఉన్నాయి. 1991లో టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధన సంస్థలో రూపొందించిన తొలి ట్యాగుల పట్టికలోనే ఇవి కనిపిస్తాయి. రచన నిర్మాణాన్ని రచయిత చెప్పాలి, అది ఎలా కనిపించాలో బ్రౌజర్ చూసుకోవాలి అన్నది వీటి వెనుక ఉన్న ఆలోచన. అయితే బ్రౌజర్లు హెచ్1ను పెద్దగానూ హెచ్6ను చిన్నగానూ చూపడంతో, వీటిని అక్షర పరిమాణాన్ని మార్చే సాధనాలుగా వాడే అలవాటు మొదలైంది. 1997 జనవరిలో వచ్చిన 3.2 ప్రమాణం ఫాంట్ ట్యాగును స్వీకరించి కంటి అలంకరణకు తలుపు తెరిచింది. ఆ సంవత్సరాంతంలోనే వచ్చిన 4.0 ప్రమాణం దాన్ని వాడవద్దని సూచించింది. సూచన వచ్చింది గాని అలవాటు పోలేదు.

ఎన్.వి.డి.ఎ. వంటి స్క్రీన్ రీడరులో హెచ్ అక్షరపు మీట నొక్కితే పాఠకుడు తరువాతి శీర్షికకు వెళ్తాడు. 2 నొక్కితే రెండో అంచె శీర్షికలకే వెళ్తాడు. పుటలోని శీర్షికలన్నిటినీ ఒక పట్టికగా తెప్పించుకోవచ్చు. చూపున్నవాడు పుటలు తిరగేసి విషయాన్ని పట్టుకోవడానికి ఇది సమానం. వెబ్‌ఎయిమ్ సంస్థ 2021 సర్వేలో పాల్గొన్న స్క్రీన్ రీడర్ వాడకందార్లలో దాదాపు మూడింట రెండు వంతుల మంది, పెద్ద పుటలో సమాచారం వెదకడానికి ముందుగా శీర్షికలనే ఆశ్రయిస్తామని చెప్పారు. ట్యాగులు లేని ముప్పై పుటల వ్యాసంలో ‘ముగింపు’ను చేరాలంటే వారు మొత్తం వినాలి, లేదా అంచనాతో మాటలు వెదకాలి. సిద్ధాంత గ్రంథం రాసే క్రమంలో వందల వ్యాసాలను తిరగేయవలసిన పరిశోధకుడికి ఇది పెద్ద నష్టం.

దీనికి ఎదురు దోషం కూడా ఉంది. తెలుగు సాహిత్య వ్యాసాలకు దాని ప్రమాదం మరీ ఎక్కువ. ఉదాహరించిన పద్యం ప్రత్యేకంగా కనిపించాలని దాన్ని హెచ్4లో పెడితే తెరపై అందంగానే ఉంటుంది. అలాంటి పద్యాలు ఇరవై ఉన్న భాగవత వ్యాసంలో శీర్షికల పట్టిక తెరిస్తే, విభాగాల పేర్ల మధ్య ఇరవై పద్యాలు శీర్షికలుగా వినిపిస్తాయి. పాదానికొక ట్యాగు వేస్తే అవి ఎనభై అవుతాయి! పద్యానికి తగిన చోటు ఉల్లేఖన ట్యాగు. దాని రూపాన్ని సి.ఎస్.ఎస్. చూసుకుంటుంది.

శీర్షిక ట్యాగుల గురించి మాట్లాడేవారు సాధారణంగా సెర్చ్ ఇంజన్ల పేరుతో మొదలుపెడతారు. ఆ వాదం బలహీనమైనది. శీర్షికల వరుసక్రమం స్క్రీన్ రీడర్లకు ఎంతో మేలు చేస్తుందని, తమ శోధన దృష్టితో మాత్రం క్రమం తప్పినా పట్టింపు లేదని గూగుల్ మార్గదర్శికే చెబుతోంది. శీర్షికలోని మాటలు పుట విషయాన్ని గుర్తించడానికి తోడ్పడతాయి, అంతవరకే. ర్యాంకు ఆశ చూపి సంపాదకులను ఒప్పిస్తే, ఆ ఆశ తీరని రోజున శ్రద్ధ కూడా పోతుంది.

నియమాలను ఉన్నదానికంటే కఠినంగా బోధించడమూ సరికాదు. హెచ్2 తరువాత నేరుగా హెచ్4 రావడం మంచి పద్ధతి కాదు గాని, డబ్ల్యు.సి.ఎ.జి. మార్గదర్శకాల ప్రకారం అదొక్కటే వైఫల్యం కాదు. కంటికి శీర్షికగా కనిపించేది సంకేతంలో శీర్షిక కాకపోవడం మాత్రం వాటి ప్రాథమిక స్థాయి నిబంధనకే విరుద్ధం. ప్రతి విభాగంలోనూ హెచ్1 వాడినా బ్రౌజరే అంచెలు లెక్కిస్తుందన్న హెచ్.టి.ఎం.ఎల్.5 ప్రతిపాదనను బ్రౌజర్లు అమలు చేయలేదు. 2022లో దాన్ని ప్రమాణం నుంచి తొలగించారు. కనుక వ్యాసం పేరుకు హెచ్1, విభాగాలకు హెచ్2, ఉపవిభాగాలకు హెచ్3 అన్న పాత పద్ధతే ఆచరణయోగ్యం. తెలుగు వికీపీడియాలో రెండేసి సమాన గుర్తుల మధ్య రాసిన మాట హెచ్2 అవుతుంది. అక్కడ రాసేవారు ట్యాగు పేరు తెలియకుండానే దాన్ని పాటిస్తున్నారు.

వినికిడికి అందే విభజన తెలుగు రచనకు కొత్త కాదు. తాళపత్ర ప్రతిలో ఆశ్వాసం ముగిసిందని తెలిపేది ఆశ్వాసాంత గద్య. అందులో కృతి పేరు, కవి పేరు, ఆశ్వాస సంఖ్య మాటల్లోనే ఉంటాయి. పురాణం వినే శ్రోతకు పుస్తకం కనిపించకపోయినా ఎక్కడున్నాడో తెలుస్తుంది. అచ్చు పుటకూ, తరువాత డి.టి.పి.కీ అలవాటుపడ్డాక నిర్మాణ బాధ్యత అక్షర పరిమాణం మీదకు మళ్లింది. నేటి వ్యాసకర్త వర్డ్‌లో మాటను ఎంచుకుని బోల్డ్ నొక్కుతాడు. పక్కనే ఉన్న ‘హెడింగ్ 2’ శైలిని తాకడు. ఆ శైలి వాడి ఉంటే వెబ్ పుటగా మార్చినప్పుడు ట్యాగు తనంతట వచ్చేది.

ట్యాగు సరిగా ఉన్నా మాట బోలుగా ఉంటే ప్రయోజనం సగమే. ‘పరిశీలన’, ‘విశ్లేషణ’, ‘వివరణ’ అన్న శీర్షికలు పట్టికలో వరుసగా వినిపిస్తే దేని పరిశీలనో తెలియదు. ఇది సాంకేతిక నిపుణుడు సరిచేయగల లోపం కాదు, సమీక్షకుడు పట్టుకోవలసినది. సమాచార సాంకేతికత అందరికీ అందుబాటులో ఉండేలా చూడాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. పాదసూచికల పద్ధతిలో చిన్న తేడా ఉన్నా వ్యాసాన్ని తిప్పి పంపే సమీక్షా వ్యవస్థకు, శీర్షికలను శైలితో గుర్తించమని రచయితను అడగడం అదనపు భారం కాదు. ఆ పని వర్డ్ ప్రతి దశలోనే జరగాలి. ట్యాగులు లేని పి.డి.ఎఫ్.గా మారి భద్రమైన సంచికలో వ్యాసాలన్నిటినీ ఒక్కొక్కటిగా తెరిచి సరిదిద్దవలసి వస్తుంది.