పిడికిలికీ ఒక వరస ఉంది

కరాటే గుద్దుకు పనికొచ్చే పిడికిలి చేతిని గబుక్కున మూస్తే రాదు. వేళ్లను ఒక వరసలో ముడవాలి. అరచేయి చాపి నాలుగు వేళ్లూ దగ్గరికి చేర్చి, ముందు వేలికొసలను వేళ్ల మొదళ్లకు ఆనేలా మడవాలి. ఆ మడతను అలాగే అరచేతిలోకి చుట్టాలి. చిటికెనవేలు తరచూ వదులుగా మిగిలిపోతుంది కాబట్టి దాన్ని పట్టిపట్టి బిగించాలి. చివరగా బొటనవేలిని వంచి చూపుడువేలు, మధ్యవేళ్ల నడిమి ఎముకల మీద అడ్డంగా అదిమి పెట్టాలి. జపాన్ భాషలో దీన్ని సెయికెన్ అంటారు. గోళ్లు పెరిగి ఉంటే ఈ మడత పూర్తిగా పడదు. ఉంగరాలు, గాజులు ముందే తీసేయడం మంచిది.

కూచిపూడి నేర్చిన పిల్లలకు ఈ ఆకారం కొత్త కాదు. అభినయ దర్పణం చెప్పిన ముష్టి హస్తంలోనూ నాలుగు వేళ్లు ముడిచి, వాటి మీద బొటనవేలు పెడతారు. దాని వినియోగాల్లో దృఢత్వం, మల్లయుద్ధం రెండూ ఉన్నాయి.

కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది బొటనవేలి దగ్గరే. భయంతో చేయి మూసుకున్నప్పుడు అది వేళ్ల లోపలికి దూరుతుంది. ఆ పిడికిలితో గట్టిగా గుద్దితే దెబ్బ తినేది గుద్దినవాళ్ల బొటనవేలే. బొటనవేలు పిడికిలి కన్నా ముందుకు పొడుచుకొచ్చినా అంతే ప్రమాదం.

తర్వాతి సంగతి, ఏ మెటికలు తగలాలన్నది. చూపుడువేలు, మధ్యవేళ్ల మెటికలే ముందుగా తగలాలి. ఈ నియమం వెనక చేతి నిర్మాణమే ఉంది. ఆ రెండు వేళ్ల వెనక అరచేతిలో సాగే ఎముకలు మణికట్టు దగ్గర దాదాపు కదలకుండా బిగిసి ఉంటాయి. ఉంగరపువేలు, చిటికెనవేళ్ల ఎముకలు అలా కాదు, కదులుతాయి. పిడికిలిని నెమ్మదిగా బిగిస్తూ చేతి వెనక భాగాన్ని చూస్తే ఆ కదలిక కంటికే కనిపిస్తుంది. దెబ్బ భారం చిటికెనవేలి వైపు పడితే అక్కడి సన్నని ఎముక మెడ దగ్గర విరగొచ్చు. వైద్యులు దాన్ని బాక్సర్స్ ఫ్రాక్చర్ అంటారు. నిజానికి అది శిక్షణ ఉన్న బాక్సర్ల కన్నా కోపంలో గోడనో తలుపునో గుద్దినవాళ్లలోనే ఎక్కువ.

పిడికిలి ఎంత బాగా కుదిరినా మణికట్టు వంగితే ఫలితం లేదు. చేతి వెనక భాగం, ముంజేయి ఒకే గీతలో ఉండాలి. ఇంకో మెలకువ: గుద్దు బయల్దేరినప్పటి నుంచే పిడికిలి బిగించకూడదు. బిగిసిన కండరం చేతి వేగాన్ని తగ్గిస్తుంది. తగిలే క్షణంలో బిగించి వెంటనే సడలించాలి.

కరాటే బడిలోకి రావడం కొత్త కాదు. జపాన్‌కు చెందిన ఒకినావా దీవిలో కరాటే గురువు ఇతొసు అంకో 1901లోనే దాన్ని బడిలోకి తెచ్చారు. 1922లో ఫునకోషి గిచిన్ టోక్యోలో ప్రదర్శన ఇచ్చాక అది జపాన్ అంతటికీ పాకింది. ఇప్పుడు మన ప్రభుత్వ బడుల్లోనూ సమగ్ర శిక్షా కింద రాణీ లక్ష్మీబాయి ఆత్మరక్షా ప్రశిక్షణ్ పేరుతో 6 నుంచి 12వ తరగతి దాకా ఆడపిల్లలకు మూడు నెలల శిక్షణ పథకం ఉంది. సిద్దిపేట జిల్లాలోని బెజ్జంకి లాంటి మండలంలో, ఫీజు కట్టి పట్నంలో నేర్చుకోలేని పిల్లకు కరాటే అందే దారి ఇలాంటి పథకమే. మూడు నెలల్లో బెల్టులు రావు, కటాలన్నీ (వరసగా చేసే కదలికల కూర్పులు) రావు. సరైన పిడికిలి మాత్రం తప్పకుండా వస్తుంది.

పెంకులు పగలగొట్టే ప్రదర్శనకు తొందర అక్కర్లేదు. ఎదిగే పిల్లల ఎముకల కొసలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు. శిక్షణ ఇచ్చే మాస్టర్లు మొదటి వారమంతా పిడికిలికే కేటాయించి, ఒక్కో అమ్మాయి బొటనవేలు, మణికట్టు స్వయంగా చూసి సరిచేయాలి.