మొద్దుముక్కు సొగసు

విమానప్రియులు సన్నని దేహమును, వాడియైన ముక్కును చూచి మురియుదురు. 2016 మే 23వ తేదీని శ్రీహరికోటనుండి యెగసిన పునర్వినియోగ వాహనము ఆ కొలతకు లొంగదు. పొడవు 6.5 మీటర్లు, బరువు 1.75 టన్నులు, మొద్దుముక్కు, చదునైన పొట్ట, పొట్టి ఱెక్కలు, వెనుక వెలికి వాలిన రెండు నిలువు తోకలు. ఈ కప్పయం దందమేమని యొక మిత్రుడు నన్నడిగెను.

ఆ మొద్దుతనమే చూడదగినది. ఈ వాహనము 65 కిలోమీటర్ల యెత్తునకు పోయి, ధ్వనికి అయిదింతల వేగముతో మరల దట్టపుగాలిలో చొచ్చినది. అట్టి వేగమున వాడిముక్కును వేడి యంటిపట్టి కాల్చును. మొద్దుముక్కు ముందరి గాలిని నొక్కి యా వేడి తరంగమును తనకు దవ్వుగా నిలుపును. ఔచిత్యమే కావ్యమునకు ప్రాణమన్న క్షేమేంద్రుడు దీనిని మెచ్చియుండునని నా తలంపు.

2024లో చిత్రదుర్గమువద్ద పరుగుబాటపై దిగిన దీని తోబుట్టువును పుష్పకమనిరి. పేరు వినసొంపే, కాని పురాణనామము తగిలించి చేతులు జోడించువారు రూపమును చూడరు. మనకీ జబ్బు పాతది. నా మిత్రుడును చక్రములున్నదని రెండవదానినే మెచ్చెను. శ్రీహరికోట వాహనమునకు చక్రములు లేవు. అది బంగాళాఖాతమున దిగుటకే పుట్టినది.