సుడో, డూ-యాజ్: తనిఖీ అడగాల్సింది పేరా, పనా?

యూనిక్స్ సర్వర్‌లో మామూలు యూజర్‌కు అవసరమైనంత మేరకే రూట్ అధికారం ఇవ్వడం సుడో పని. 1980 ప్రాంతంలో బఫలోలోని న్యూయార్క్ స్టేట్ యూనివర్సిటీలో పుట్టి, నాలుగు దశాబ్దాల్లో ఎన్నో సదుపాయాలతో బాగా పెరిగింది. అదే పని కోసం టెడ్ ఉనాంగ్స్ట్ రాసిన డూ-యాజ్ 2015లో ఓపెన్‌బీఎస్‌డీ 5.8తో వచ్చింది. చిన్న ప్రోగ్రామ్. దాని అమరిక చాలాచోట్ల ఒక్క వరుసలో అయిపోతుంది.

లినక్స్‌కు సీఐఎస్ భద్రతా బెంచ్‌మార్క్ పెట్టే పరీక్షలో డూ-యాజ్ ఓడిపోతుంది. సుడో ఉందా, దాని ఆదేశాలు వేరే సూడో టెర్మినల్‌లో నడుస్తున్నాయా, దానికి లాగ్ ఫైల్ ఉందా అన్నవే అక్కడి ప్రశ్నలు. 2021 జనవరిలో భద్రతా సంస్థ క్వాలిస్ బయటపెట్టిన 'బారన్ సామెడిట్' లోపం 2011 నుంచి అప్పటిదాకా సుడోలోనే ఉండిపోయింది. సుడో వాడే అనుమతి లేని లోకల్ యూజర్ కూడా దాంతో రూట్ కాగలిగేవాడు. ఆ లోపమున్న సుడో సైతం ఈ ప్రశ్నలన్నీ దాటేస్తుంది. ప్యాచ్‌ల తనిఖీ విడిగా ఉంటుంది, నిజమే. కానీ బయటపడని లోపానికి ప్యాచ్ ఉండదు. అక్కడ కోడ్ చిన్నదిగా ఉండటమే పెద్ద రక్షణ.

అలాగని బెంచ్‌మార్క్‌ను కొట్టిపారేయలేం. రూట్ యూజర్ తన టెర్మినల్లోనే తక్కువ అధికారంతో ఒక ప్రోగ్రామ్‌ను నడిపితే, అది 'టీఐఓసీఎస్‌టీఐ' అనే సదుపాయంతో ఆ టెర్మినల్‌లోకి అక్షరాలు తోసి రూట్ చేత ఆదేశాలు నడిపించగలదు. సూడో టెర్మినల్ నియమం దీన్ని అడ్డుకోవడానికే. ఓపెన్‌బీఎస్‌డీ 2017లో ఆ సదుపాయాన్నే తీసేసింది కాబట్టి డూ-యాజ్‌కు అక్కడ ఆ భయం లేదు. లినక్స్‌లో వాడేవారికి మాత్రం ఉంది. కెర్నల్ 6.2 నుంచి దాన్ని ఆపే సెట్టింగ్ వచ్చింది. అది ఆపి ఉందో లేదో చూసుకోవాల్సిన బాధ్యత వారిదే. ఇక లాగ్ సంగతి. ఎవరు ఏ ఆదేశం ఇచ్చారో డూ-యాజ్ సిస్‌లాగ్‌కు రాస్తుంది. సెషన్ మొత్తాన్ని సుడోలా రికార్డు చేయలేదు. ఆ రికార్డు తప్పనిసరైన చోట సుడోనే సరైన ఎంపిక. అక్కర్లేని చిన్న సర్వర్‌కు నా ఓటు డూ-యాజ్‌కే.

కార్డు చెల్లింపుల ప్రమాణం పీసీఐ డీఎస్‌ఎస్ 4.0 ఇలా పేరును కాక పనిని చూసే తనిఖీకి 2022లోనే దారి చూపింది: నియమం లక్ష్యం చెబుతుంది, దాన్ని వేరే పద్ధతిలో సాధిస్తున్నామని సంస్థ రుజువు చూపాలి. బెంచ్‌మార్క్ స్కానర్ 'ఫెయిల్' అన్నంత మాత్రాన మంచి టూల్‌ను పీకేయడం తప్పు. తనిఖీ జాబితాలోని ఆ నియమాన్ని గుట్టుగా మినహాయించుకోవడం అంతకంటే తప్పు. మినహాయింపు కోరేవారు ఆ నియమం ఆపదలచిన దాడి ఏమిటో, తమ దగ్గర దాన్ని ఏది ఆపుతోందో రాసి, పరీక్షించి చూపాలి. ఆడిటర్ ఆ రుజువును చదవాలి.