బట్టకి రెండో వైపు

మన స్త్రీవాద సాహిత్యం బట్టల గురించి తక్కువేం మాట్లాడలేదు. జయప్రభ ‘పైటను తగలెయ్యాలి’ మీద రేగిన దుమారం మనందరికీ తెలుసు. పైట మీద నిలిచే మగచూపునీ, ఆ చూపు నేర్పిన సిగ్గునీ ఆ కవిత నిలదీసింది. ఆ ప్రశ్న రాకపోయుంటే నాలాంటి వాళ్లం చున్నీ లేకుండా సైకిలెక్కే వాళ్లమే కాదు. అయితే బట్టకి రెండు వైపులుంటాయి. బయటి వైపుకి చూపు తగుల్తుంది, లోపలి వైపుకి చర్మం తగుల్తుంది. ఈ రెండో వైపు గురించి, అందులోనూ లావుగా ఉన్న ఆడవాళ్ల గురించి, నేను చదివింది చాలా తక్కువ.

సినిమాలే చూడండి. ‘లేడీస్ టైలర్’ (1986)లో దర్జీ తొడమీద పుట్టుమచ్చ ఉన్న అమ్మాయి కోసం వెతుకుతాడు. కొలతల టేపు కూడా చూపుకి పనిముట్టే. ‘సైజ్ జీరో’ (2015) లావుపాటి అమ్మాయిని నాయికని చేసింది, సన్నబడే ఆశతో వ్యాపారం చేసే క్లినిక్‌ని ఎదిరించింది. సంతోషమే. కానీ అక్కడా తగువంతా ఆ ఒళ్లు ఇతరులకి ఎలా కనబడుతుందన్న దాని చుట్టూనే. ఆ ఒంటితో వంగడం, నడవడం, చెమట పట్టడం ఎలా ఉంటుందో ఎవరు చెప్తారు?

సైకిలెక్కితే ఈ ప్రశ్నని తప్పించుకోలేం. నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా మైపాడుకి ఇరవై కిలోమీటర్ల పైచిలుకే. సముద్రం దగ్గరయ్యేకొద్దీ గాలిలో తేమ. తడిసిన నూలుబట్ట ఆరదు. సల్వార్‌కి కుట్లన్నీ వచ్చి కలిసే చోటే సీటు నొక్కుకుంటుంది. తొడలు రాసుకునే శరీరానికి ఆ కుట్టు చర్మం లేపేస్తుంది. నా హిప్ కొలత 48 అంగుళాలు. ఒక దుకాణంలో ప్యాడ్ ఉన్న ఆడవాళ్ల సైక్లింగ్ షార్ట్స్ అడిగితే, “మీ సైజు రాదు మేడం, జెంట్స్‌ది తీసుకోండి” అన్నారు. అది హిప్‌కి పడితే నడుం దగ్గర వదులు. లోపలి మెత్త మగ శరీరానికి తగ్గట్టు పెట్టింది. రోడ్డు మీదికి ఎవరు రావచ్చో సైజుల పట్టికే రాసిపెడుతోంది. దాన్నీ మనం ఒక పాఠంలాగే చదవాలి.

చివరికి మా వీధిలో బట్టలు కుట్టే ఆమె కుట్టిచ్చింది. “కూర్చోక్కా, నిలబడితే అసలు కొలత తెలీదు” అంది. “ఎక్కడ ఒరుసుకుంటోంది?” అనడిగింది. పొట్టమీద చుట్టుకుపోని వెడల్పాటి నడుంపట్టీ, రాపిడి దాటేంత పొడవు, కాళ్లమధ్య కుట్లు కలవకుండా చదరపు ముక్క, త్వరగా ఆరే సాగుడుగుడ్డ. పైన పక్కచీలికలున్న వదులు కుర్తా.

1991లో పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమం సైకిల్ నేర్చుకోవడాన్నీ చదువులో కలిపింది. లక్షమందికి పైగా గ్రామీణ స్త్రీలు నేర్చుకున్నారని పి. సాయినాథ్ రాశారు. లేడీస్ సైకిళ్లు చాలకపోతే జెంట్స్ సైకిళ్లే తొక్కారు. 1992లో మా జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లే సారా మీద పోరుకి లేచారు. ఆనాడు అందినదాంతో రోడ్డెక్కడమే గెలుపు. మనకి సరిపోయేది కావాలని అడగడం దాని తర్వాతి అడుగు.

సిగ్గుపడకుండా తిరగడం హక్కయితే, ఒళ్లు ఒరుసుకుపోకుండా తిరగడమూ హక్కే. బట్టల మీద వచ్చిన కవితనీ కథనీ చదివేటప్పుడు ‘ఎవరు చూస్తున్నారు’ అని అడగడం మనకి అలవాటైంది. ఆమె అడిగిన ప్రశ్న కూడా అడుగుదాం.