నా ఫిరాయింపుల జాబితా

నచ్చిన పది సినిమాలు చెప్పమంటే తెలుగువాడు పదిహేను చెబుతాడు. అందులో అయిదు పక్కవాడు ఏమనుకుంటాడోనని చెప్పేవి. తార్నాక చౌరస్తాలో చాయ్ ముందు కూర్చున్న ఏ నలుగురిని కదిలించినా ఇదే వరస. యూనివర్సిటీ గేటు వైపు నుంచి వచ్చినవాడైతే కురసోవాని, బెర్గ్‌మన్‌ని ముందు వరసలో కూర్చోబెట్టి, చిరంజీవి సినిమాను తొమ్మిదో చోట ఏదో సరదాకన్నట్టు చేరుస్తాడు. లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాడు చిరంజీవితోనే మొదలుపెట్టి, ఎవరైనా నవ్వుతారేమోనని చుట్టూ చూస్తాడు. నవ్వితే కొట్లాటే. నాకు ఈ రెండోవాడి మీదే గురి ఎక్కువ.

సినిమాలకు ర్యాంకులిచ్చే ఈ యావ మన ఒక్కరిదే కాదు. బ్రిటన్‌లో వెలువడే ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక 1952 నుంచి పదేళ్లకోసారి విమర్శకుల చేత తలా పది సినిమాల పేర్లు రాయించి లెక్క కడుతోంది. మొదటిసారి ‘బైసికిల్ థీవ్స్’ గెలిచింది. 1962 నుంచి 2002 దాకా ‘సిటిజన్ కేన్’ను కదిపినవాళ్లు లేరు. 2012లో ‘వెర్టిగో’. 2022లో పిడుగు పడింది. బెల్జియం దర్శకురాలు శాంతాల్ ఆకెర్మన్ 1975లో తీసిన ‘జాన్ డీల్‌మన్’ మొదటి స్థానంలోకి వచ్చింది. మూడు గంటల ఇరవై నిమిషాల సినిమా. ఒక ఇల్లాలు ఆలుగడ్డల చెక్కు తీస్తుంది, పక్క సర్దుతుంది, వంట చేస్తుంది. అంతకు పదేళ్ల ముందు అదే సినిమా 30ల్లో ఎక్కడో ఉంది. సినిమాలో ఒక్క ఫ్రేము కూడా మారలేదు కదా, మరి ఏం మారింది? ఓటేసేవాళ్లు మారారు. ఆడవాళ్లు పెరిగారు, ఇంటిపని కూడా కథేనని ఒప్పుకునేవాళ్లు పెరిగారు.

నాలోని ఓటరు కూడా ఇలాగే మారుతున్నాడు. అందుకే నా జాబితాకు ఒకే ఒక నియమం పెట్టుకున్నాను. మొదటిసారి చూసినప్పుడు ఎవరి వైపు ఉన్నానో ఇప్పుడూ వాళ్ల వైపే ఉంటే ఆ సినిమాకు దండం పెట్టి పక్కన పెట్టేస్తాను. నాతో పార్టీ మార్పించిన సినిమాకే చోటు. ఫిరాయింపుల నిరోధక చట్టం ఇక్కడ చెల్లదు.

అందరూ ఒప్పుకునేదానితో మొదలుపెడదాం. ‘మాయాబజార్’ 1957లో వచ్చింది. చిన్నప్పుడు నాకది ఎస్.వి.రంగారావు గారి సినిమా, అందులోనూ ఆయన లడ్డూలు తినే సినిమా. కొంచెం మీసం వచ్చాక సావిత్రి సినిమా అయింది. శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడిగా ఆవిడ భుజాలు ఎగరేస్తుంటే ఒక నటి ఇంకో నటుణ్ణి ఒంట్లోకి ఎలా తెచ్చుకుంటుందో తెలిసింది. ఇప్పుడు చూస్తే నా కళ్లు ఛాయాదేవి మీదే ఉంటాయి. ఆవిడ వేసిన శశిరేఖ తల్లి రేవతి పాత్రను మనం ఇన్నేళ్లూ తిట్టుకున్నాం, ఆస్తి పోగానే అభిమన్యుణ్ణి కాదన్నదని. తార్నాకలో, హబ్సిగూడలో పెళ్లి సంబంధం మాట్లాడే ఏ ఇంట్లోనైనా ఒక గంట కూర్చుని రండి. అబ్బాయికి ఉద్యోగం పోయిందట అన్న మాట చెవిన పడ్డాక ఎన్ని సంబంధాలు నిలబడతాయో చూడండి. రేవతి మన పెద్దమ్మే. సినిమా మొత్తంలో పాండవులు ఒక్కసారి కూడా కనిపించరని అందరూ చెప్పుకుంటారు. కనిపించని చుట్టాలకు విలువ ఎందుకు తగ్గిందో ఆవిడ మొహంలో రాసి ఉంటుంది.

ఇక నా జాబితాలో పెద్ద పీట మా చుట్టుపక్కల నేల మీద తీసినవాటిది. 1974 నుంచి 1980 మధ్య తెలంగాణ పల్లెల మీద గట్టి సినిమాలు మూడు వచ్చాయి. మూడింటికీ దర్శకులు తెలుగు పరిశ్రమ బయటివాళ్లే. ‘అంకుర్’ శ్యామ్ బెనెగల్‌ది, ‘ఒక ఊరి కథ’ మృణాల్ సేన్‌ది, ‘మా భూమి’ గౌతమ్ ఘోష్‌ది. బెనెగల్‌ని పూర్తిగా పరాయివాడనలేం. తిరుమలగిరిలో పుట్టి, నిజాం కాలేజీలో చదివి, హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీ పెట్టినవాడు. సికింద్రాబాద్ పిల్లగాడే.

‘అంకుర్’ని మొదటిసారి యూనివర్సిటీ రోజుల్లో చూశాను. ఆఖర్లో కుర్రవాడు దొర కొడుకు కిటికీ మీదికి రాయి విసిరినప్పుడు మా గదిలో చప్పట్లు పడ్డాయి. ఆ వయసులో ఎవరికి వాళ్లం ఆ రాయి మన చేతిలోనే ఉందనుకున్నాం. తర్వాత ఉద్యోగం, ఇల్లు, ఇంట్లో పనిమనిషి వచ్చాక మళ్లీ చూశాను. ఈసారి నేను తలుపు ఇవతల ఉన్నాను, అనంత్ నాగ్ పక్కన. ఆయన వేసిన దొర కొడుకు సూర్య పాత్రను గమనించండి. పట్నంలో చదువుకుని వచ్చాడు. కులం పట్టింపు లేదని పనిమనిషి లక్ష్మి చేతి వంట తింటాడు. ఊరంతా ముక్కున వేలేసుకుంటే లోపల గర్వపడతాడు కూడా. అదే మనిషి లక్ష్మి కడుపుతో ఉందని తెలియగానే ఆమెను వదిలించుకోవాలని చూస్తాడు, మాట్లాడలేని ఆమె భర్త కిష్టయ్య మీద కొరడా ఎత్తుతాడు, చివరికి తలుపేసుకుని వణుకుతాడు. వాళ్ల నాన్న పాత దొర. తను చేసేది తప్పని అనుకోడు, కాబట్టి వణకడు. కొడుక్కి తప్పని తెలుసు, అయినా చేస్తాడు. చదువు ఇచ్చిన తేడా అంతే. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని లోకాన్ని మారుస్తామన్న మాలో ఎంతమంది తర్వాత సూర్యలయ్యారో లెక్క తీస్తే స్నేహాలు చెడతాయి. లక్ష్మిగా వేసిన షబానా ఆజ్మీకి ఇది మొదటి సినిమా అంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. అయినా నన్ను నిద్రపోనివ్వనిది ఆమె కాదు, అనంత్ నాగ్.

‘మా భూమి’ సంగతి వేరు. కిషన్ చందర్ నవల ఆధారంగా బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్ నిర్మించారు. సాయిచంద్‌కు తొలి చిత్రం. తెర మీద గద్దర్ కర్ర పట్టుకుని పాడుతుంటే హాలు హాలంతా ఊగేది. చాలాకాలం నేను ఆ పాట కోసం, గడీ మీద జనం పడే ఘట్టం కోసం చూశాను. మధ్యలో కథానాయకుడు రామయ్య పట్నం వచ్చే భాగం సాగదీశారని గట్టిగా వాదించాను కూడా. ఆ మాటే లాలాగూడ వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా రిటైరైన మా ఎదురింటి అన్న దగ్గర అన్నాను. ఆయన బీడీ పక్కన పెట్టి, “ఏం తమ్మీ, పట్నమొచ్చినంకనే గదనే ఆడు మనిషైంది. ఊర్లె ఉన్నన్ని దినాలు కోపమే ఉండె. మక్బూల్ కలిసినంక గద తెలివొచ్చింది” అన్నాడు.

నిజాం రైల్వే వాళ్ల కాలంలో, 1893లో మొదలైన కార్ఖానా అది. పల్లెల నుంచి వచ్చినవాళ్లు, అరవవాళ్లు, ఆంగ్లో ఇండియన్లు, ఉర్దూ మాట్లాడేవాళ్లు ఒకే గేట్లోంచి లోపలికి వెళ్లి ఒకే సైరన్‌కు బయటికి వచ్చిన చోటు. యూనియన్ అంటే ఏమిటో అక్కడివాళ్లకు ఎవరూ సినిమా తీసి చెప్పనక్కర్లేదు. అలాంటి మనిషికి రామయ్య కథలో గడీ కన్నా యూనియన్ మనిషి మక్బూల్ గది ముఖ్యం. ఆయన పక్కన కూర్చుని మరోసారి చూశాక నేనూ అటే వెళ్లిపోయాను. ఇప్పుడు ఆ పట్నం భాగమే ‘మా భూమి’కి వెన్నెముక అంటాను. పాట తీసేసినా సినిమా నిలుస్తుంది, మక్బూల్‌ని తీసేస్తే కూలిపోతుంది.

‘ఒక ఊరి కథ’లో తండ్రి వెంకయ్య మాటలకు మొదట నవ్వాను, ఇప్పుడు భయపడుతున్నాను. ఆ సినిమా గురించి అంతకు మించి చెప్పడానికి నాకు ధైర్యం చాలదు.

నర్సింగరావు స్వయంగా దర్శకత్వం వహించిన ‘దాసి’కి అయిదు జాతీయ అవార్డులొచ్చాయి. నటనకు అర్చన, ఛాయాగ్రహణానికి ఎ.కె.బీర్, కళకు వైకుంఠం, దుస్తులకు సుదర్శన్, ఉత్తమ తెలుగు చిత్రం. మాటలు తక్కువ, పనులు ఎక్కువ. అర్చన వేసిన కమలాక్షి తుడుస్తుంది, తోముతుంది, నీళ్లు పెడుతుంది, దొర పిలిస్తే వెళుతుంది. ఆమె మీద జాలి పడి ఊరుకున్న ఏళ్లు నావి చాలా ఉన్నాయి. ఇప్పుడు దొరసాని దగ్గర ఆగిపోతున్నాను. ఆమెకు అన్నీ తెలుసు. తెలిసీ అద్దం ముందు కూర్చుంటుంది. ఆమె వైపు చేరానని చెప్పను గానీ ఆమె మీదినుంచి కళ్లు తిప్పుకోలేకపోతున్నాను. బెల్జియం ఇల్లాలికి మొదటి స్థానం ఇచ్చిన విమర్శకులకు మన గడీలో ఈ ఇద్దరు ఆడవాళ్లను చూపించాలని ఉంది.

“శివ లేకుంటే గదేం లిస్టు?” అంటారని తెలుసు. ఉంది. 1989 అక్టోబర్ 5న విడుదలైంది. సైకిల్ చైను సీను తర్వాత మా క్యాంపస్‌లో సైకిళ్ల గతి ఏమైందో అడక్కండి. అప్పుడు అందరం నాగార్జునే. ఇప్పుడు నేను మురళీమోహన్‌ని. తమ్ముడి ఆవేశానికి ఇంట్లో పసిపిల్ల బలైపోయిన అన్న ఆయన. రాంగోపాల్ వర్మ ఆ తర్వాత తీసిన చాలా సినిమాల్లో తుపాకులు మిగిలాయి, ఆ అన్న మాత్రం లేడు. నాకు వాటి మీద ఆసక్తి పోవడానికి కారణం అదే.

‘జార్జిరెడ్డి’ని చేర్చలేదేమని యూనివర్సిటీ మిత్రులు నిలదీశారు. 1972 ఏప్రిల్ 14న క్యాంపస్‌లోనే హత్యకు గురైన విద్యార్థి కథ మా అందరికీ రక్తబంధువు లాంటిది. 2019లో వచ్చిన సినిమా మాత్రం ఆయన్ను హీరోగా నిలబెట్టి, మిగిలినవాళ్లను చుట్టూ పేర్చింది. నేను కదలడానికి అందులో ఇంకో కుర్చీ లేదు. ‘శంకరాభరణం’తోనూ అదే ఇబ్బంది. గొప్ప సినిమా. కానీ శాస్త్రిగారి ఎదుట మొదటిరోజు ఎలా చేతులు కట్టుకుని కూర్చున్నానో ఇప్పటికీ అలాగే కూర్చుంటున్నాను.

ఈ మధ్యవాటిలో ఒక్కటే చేరింది, 2018 నాటి ‘కేరాఫ్ కంచరపాలెం’. ఎక్కువమంది ఆ పేటవాళ్లే నటించారు. విశాఖలో రైలు పట్టాల పక్కన బతుకుతున్న మనుషులు లాలాగూడలో బతుకుతున్నవాళ్లకు మేనమామ పిల్లల్లా ఉంటారు. అందులో పార్టీ మార్పించే పనిని దర్శకుడు వెంకటేష్ మహా చివరి పది నిమిషాల్లో తనే చేసేశాడు. చూడనివాళ్ల కోసం విప్పి చెప్పను.

మీ జాబితా కూడా రాసి పంపండి. ర్యాంకులు వద్దు, దర్శకుల పేర్లు వద్దు. ప్రతి సినిమా పక్కన రెండు పేర్లు రాయండి: మొదటిసారి చూసినప్పుడు ఎవరి వైపు ఉన్నారు, ఇప్పుడు ఎవరి వైపు ఉన్నారు. రెండు చోట్లా ఒకే పేరు వచ్చిందంటే ఆ సినిమాను కొట్టేయండి. చిరంజీవిదైనా సరే.