పేరు చెక్కే చెయ్యి

శంషాబాద్ చుట్టుపక్కల ఎటు చూసినా రాయే. విమానం దిగుతుంటే కిటికీలోంచి కనిపించే ఆ గుండ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అంత గట్టి రాతిమీద, యుద్ధంలో పోయిన సైనికుడి పేరు చెక్కే పనివాడి దగ్గర నిలబడితే నాకు కదలబుద్ధి కాదు. ముందు రాయిని చీల్చాలి: గీత వెంట వరసగా రంధ్రాలు, వాటిలో ఇనుప చీలలు, ఒక్కోదానిమీద ఒక్కో దెబ్బ. దెబ్బదెబ్బకీ మోత మారుతుంది. అది బొంగురుపోగానే ఆయన సుత్తి ఆపి, రాయి తనంతట తాను విచ్చుకునేదాకా ఓపిక పడతాడు. సానపట్టాక అక్షరం. ఇంగ్లీషు అక్షరాల్లో నిలువు గీతలుంటాయి, ఉలి తిన్నగా పోతుంది. మన 'జ', 'ణ' అలా లొంగవు. ఒంపు తిరిగిన ప్రతిచోటా ఉలి వాటం మార్చాలి, ఒత్తు కోసం కింద చోటు ముందే వదలాలి. ఒక్క అక్షరం తప్పిందా, పైపొరంతా అరగదియ్యాల్సిందే. గాడిని రెండు పక్కలనుంచీ లోపలికి వాలుగా తీస్తాడు. అందుకే రంగు వెయ్యకపోయినా, సాయంత్రపు ఎండలో నీడ నిండి పేరు దూరానికే కనిపిస్తుంది. చెన్నై నందంబాక్కంలో, 1952లో ఏర్పడిన యుద్ధ శ్మశానంలో రెండో ప్రపంచయుద్ధపు సమాధులు 856 ఉన్నాయి. అక్కడి సమాధి రాళ్లలో అధికారికీ సిపాయికీ తేడా లేదు. ఎంత గొప్ప నియమం! దాన్ని రాతిమీద నిలబెట్టేది మాత్రం ఇలాంటి చేతులే. చదువురాని తల్లి అయినా సరే, ఆ గాడిలో వేలు పెట్టి, మొదటి అక్షరం నుంచి చివరిదాకా కొడుకు పేరును తడుముకోగలదు.